చిన్న సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) రక్షణకు ముందుగా దేనిమీద ఖర్చు పెట్టాలి?

ముందుగా తలుపుమీదే. 2019 అక్టోబర్ 9న, యూదుల పవిత్ర దినమైన యోమ్ కిప్పూర్ రోజు, జర్మనీలోని హాలె నగర సినగాగ్‌లో దుండగుడు తాళం వేసిన చెక్క తలుపుమీద కాల్పులు జరిపినా లోపలికి రాలేకపోయాడు. లోపలున్న 50 మందికి పైగా బతికారు. కెమెరా తెరలో వాణ్ణి ముందే చూశారు కాబట్టి తలుపుకు అడ్డాలు పెట్టగలిగారు. బయట మాత్రం పోలీసు కాపలా లేదు. ఇద్దరు అమాయకులు బలయ్యారు.

ప్రార్థన సాగినంతసేపూ తలుపు తాళంలోనే ఉండాలి. ఆలస్యంగా వచ్చినవాళ్లకు తెరలో చూశాకే తీయాలి, అదీ సభ్యుల ముఖాలు ఎరిగిన మనిషే. పండుగ రద్దీలో తలుపు బార్లా తెరిచి వదిలేయడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. వెనక దారికి కుర్చీలు అడ్డం పెట్టొద్దు. ప్రార్థన ముగిశాక గేటు బయట గుంపుగా నిలబడొద్దు. గోడమీద ద్వేషపు రాతలుంటే చెరిపేముందు ఫోటో తీసి పోలీసులకివ్వండి.