కోఆర్డినేట్ సిస్టమ్ ఎంచుకునే ముందు

తమ్ముడూ,

సర్వే, దాని మీద రోడ్డు డిజైన్ రెండూ ఈసారి నీకే అప్పగించారు కాబట్టి ఫైలు తెరవకముందే ఇది చదువు. సాఫ్ట్‌వేర్‌లో కోఆర్డినేట్ సిస్టమ్‌ల వందల పేర్ల జాబితా కనిపించగానే ఏది మంచిదా అని వెతక్కు. చాలా పనుల్లో ఆ ఎంపిక నీ చేతిలో ఉండదు. ఇచ్చిన కంట్రోల్ పాయింట్లు (స్థానం ముందే కచ్చితంగా తేల్చిన గుర్తులు) ఏ సిస్టమ్‌లో ఉంటే నీ డ్రాయింగూ అందులోనే ఉండాలి. ముందు కంట్రోల్ రిపోర్టు తెప్పించుకో. డేటమ్ (భూమి ఆకారానికి, స్థానాలకు తీసుకున్న ఆధారం), ఎపాక్ (ఆ కోఆర్డినేట్లు ఏ తేదీకి చెందినవో), ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదును కాగితం మీదకు తెచ్చే పద్ధతి), జోన్, యూనిట్లు, లెవెళ్ల (ఎత్తుల) ఆధారం అన్నీ అందులో ఉండాలి. ఒక్కటి లేకపోయినా అడిగి రాతపూర్వకంగా తీసుకో.

"డబ్ల్యూజీఎస్ 84లో ఉన్నాయి" అన్న జవాబుతో ఊరుకోకు. అది డేటమ్ పేరు, ప్రొజెక్షన్ సంగతి ఇంకా తేలనే లేదు. ఎపాక్ ఎందుకంటే, భూఫలకాలు కదులుతుంటాయి. ఆస్ట్రేలియాలో పాత డేటమ్ జీడీఏ94 నుంచి కొత్త డేటమ్ జీడీఏ2020కి మారినప్పుడు కోఆర్డినేట్లు దాదాపు 1.8 మీటర్లు జరిగాయి.

పాత కంట్రోల్ ఏదీ లేక, దేశం నిర్ణయించిన గ్రిడ్ కూడా లేకపోతే యూటీఎం (భూమిని 6 డిగ్రీల వెడల్పున్న జోన్లుగా విడదీసే ప్రొజెక్షన్) తీసుకో. రేఖాంశానికి 180 కలిపి 6తో భాగించి, పూర్ణాంకానికి 1 కలిపితే జోన్ వస్తుంది. 20.5 డిగ్రీల తూర్పు అయితే 34వ జోన్, మధ్య రేఖాంశం 21. డబ్ల్యూజీఎస్ 84 మీద, ఉత్తరార్ధగోళంలో దాని ఈపీఎస్‌జీ కోడ్ (సాఫ్ట్‌వేర్‌లో సిస్టమ్‌ను గుర్తించే నంబరు) 32634, దక్షిణాన 32734. సైట్ రెండు జోన్ల హద్దు మీద పడితే పని ఎక్కువున్న జోన్‌నే మొత్తానికీ వాడు. సగం ఇందులో, సగం అందులో పెడితే అతుకు దగ్గర అలైన్‌మెంట్ (రోడ్డు గీత) కలవదు.

ఎక్కువమంది బోల్తా పడేది గ్రిడ్ (డ్రాయింగ్‌లోని), గ్రౌండ్ (నేల మీది) దూరాల దగ్గర. యూటీఎం మధ్య రేఖాంశం మీద స్కేలు 0.9996. సైట్ 600 మీటర్ల ఎత్తులో ఉంటే ఎత్తు ఫ్యాక్టర్, భూమి వ్యాసార్ధం 6371000 మీటర్లను 6371600తో భాగించగా 0.999906. రెండూ గుణిస్తే 0.999506. అంటే నేల మీద కిలోమీటరు, డ్రాయింగ్‌లో 999.506 మీటర్లే. చిన్న ప్లాటుకు ఇది పట్టదు గానీ, వంతెన గర్డర్లకూ పొడవాటి పైపులైనుకూ పట్టి తీరుతుంది. అలాంటి పనికి గ్రౌండ్ కోఆర్డినేట్లే కావాలంటే సైట్ మధ్యలో ఒక కంట్రోల్ పాయింటును స్థిరంగా పెట్టి, దాని చుట్టూ 1/0.999506తో పెంచు. సున్నా, సున్నా నుంచి మాత్రం పెంచకు. నార్తింగ్ (ఉత్తరం వైపు కోఆర్డినేట్) 20 లక్షలున్న చోట పాయింటు దాదాపు కిలోమీటరు అవతలికి పోతుంది, అంకెలు చూస్తే మాత్రం యూటీఎంలాగే కనిపిస్తాయి. అందుకే గ్రౌండ్‌కు మార్చాక ఈస్టింగ్ (తూర్పు వైపు కోఆర్డినేట్), నార్తింగ్‌లలో ముందున్న పెద్ద అంకెలు తీసేసి, తీసేసిన విలువను డ్రాయింగ్ మీద రాసిపెట్టు. అప్పుడు ఎవరూ పొరపడరు.

లెవెళ్లకు వేరే నిర్ణయం కావాలి. జీపీఎస్ ఇచ్చేది ఎలిప్సాయిడ్ (భూమికి లెక్కల్లో వాడే నున్నటి ఆకారం) మీది ఎత్తు, బెంచ్‌మార్క్‌ది (ఎత్తు తెలిసిన స్థిర గుర్తుది) సముద్రమట్టం ఆధారంగా తీసిన ఎత్తు. రెంటికీ తేడా చాలాచోట్ల పదుల మీటర్లు. ఈ తేడాను లెక్కగట్టే ఈజీఎం2008 లాంటి జియాయిడ్ మోడల్ పెట్టినా కనీసం రెండు మూడు బెంచ్‌మార్కుల మీద రోవర్ (చోటు మార్చి పెట్టే జీపీఎస్ రిసీవర్) పెట్టి సరిచూడు. డ్రోన్ ఫొటోల డేటాలో అయితే ఈ తేడా మరీ తరచుగా దొర్లుతుంది.

సాఫ్ట్‌వేర్‌లోకి వస్తే, సివిల్ త్రీడీలో ఎడిట్ డ్రాయింగ్ సెట్టింగ్స్, యూనిట్స్ అండ్ జోన్ ట్యాబ్‌లో జోన్‌ను మొదటి పాయింటు దించకముందే పెట్టు. క్యూజీఐఎస్‌లో లేయర్‌కు సీఆర్‌ఎస్ (కోఆర్డినేట్ సిస్టమ్) పేరు మార్చడం వేరు, రీప్రొజెక్ట్ చేయడం (అంకెలనే కొత్త సిస్టమ్‌కు మార్చడం) వేరు. మొదటిది పేరే మారుస్తుంది, అంకెలను ముట్టుకోదు. వెబ్ మ్యాపులు వాడే ఈపీఎస్‌జీ 3857 సిస్టమ్‌లో దూరాలు కొలవనే కొలవకు, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అవి రెట్టింపు చూపిస్తాయి. పాయింట్ ఫైల్లో ముందు నార్తింగ్ ఉందా ఈస్టింగ్ ఉందా చూసుకో. అడుగుల్లో ఉంటే ఏ అడుగో కనుక్కో: అమెరికా సర్వే అడుగుకూ అంతర్జాతీయ అడుగుకూ తేడా 20 లక్షల అడుగుల దగ్గర 4 అడుగులవుతుంది. ఏదైనా కలవకపోతే మూవ్ కమాండ్‌తో జరిపి కలపకు. కారణం దొరికేదాకా ఆగు.

డిజైన్ మొదలెట్టే ముందు, ఒకదానికొకటి కనిపించే రెండు దూరపు కంట్రోల్ పాయింట్ల మధ్య టోటల్ స్టేషన్‌లో (కోణాలు, దూరాలు కొలిచే పరికరంలో) స్కేల్ ఫ్యాక్టర్ 1గా ఉంచి సమతల దూరం కొలువు. డ్రాయింగ్ దూరాన్ని దానితో భాగించు. పై లెక్కలోని సైట్‌కు 0.999506 దగ్గర రావాలి. 1.000000 వస్తే ఎవరో ముందే గ్రౌండ్‌కు మార్చేశారు. 0.999012 వస్తే ఫ్యాక్టర్ రెండుసార్లు పడింది, ఒకసారి డేటా కలెక్టర్‌లో (సైట్‌లో కొలతలు నమోదుచేసే పరికరంలో), ఇంకోసారి డ్రాయింగ్‌లో. అప్పుడు ముందు కలెక్టర్ జాబ్ సెట్టింగ్స్ తెరిచి చూడు.

ఇట్లు,
మీ అన్నయ్య