‘అలా చేయకపోయి ఉంటే?’ అని పిల్లలు ఏ వయసులో ఆలోచించగలరు?

మొలక మూడేళ్లకే కనిపిస్తుంది. 1996లో మనస్తత్వవేత్త పాల్ హారిస్ బృందం పిల్లలకు ఒక చిన్న కథ చెప్పింది. ఒకమ్మాయి బురద బూట్లతో ఇంట్లోకి వచ్చింది, నేల మురికైంది. మరి బూట్లు విప్పి వచ్చి ఉంటే? ‘శుభ్రంగా ఉండేది’ అని మూడు, నాలుగేళ్ల వాళ్లలో చాలామంది చెప్పేశారు.

మెలిక ఇక్కడే ఉంది. బూట్లు విప్పితే నేల మురికవదని ఎవరికైనా తెలుసు. ఆ జవాబుకి నిజంగా జరిగినదాన్ని మనసులో పెట్టుకోనక్కర్లేదు. అందుకే తర్వాత ఎవా రాఫెట్‌సెడర్, జోసెఫ్ పెర్నర్ అనే పరిశోధకులు కథలోకి ఇద్దరిని తెచ్చారు. ఇద్దరివీ బురద బూట్లే. ఒక్కరు విప్పినా రెండోవాళ్ల అడుగులు పడతాయి కదా! అయినా ఐదారేళ్ల పిల్లలు ఎక్కువమంది ‘శుభ్రంగా ఉండేది’ అనే అన్నారు.

అయితే 2019లో నైహౌట్, గనియా అనే పరిశోధకులు కథ మానేసి, దిమ్మె పెడితే వెలిగే పెట్టెను చూపించి ‘ఈ దిమ్మె పెట్టకపోయి ఉంటే వెలిగేదా?’ అని అడిగితే, నాలుగైదేళ్ల వాళ్లు కూడా బాగానే చెప్పారు. నాకు ఇదే ముఖ్యం అనిపిస్తుంది: కారణం కళ్లముందు కనబడితే పసివాళ్లకీ దారి దొరుకుతుంది. ఇంట్లో పాలు ఒలికినప్పుడు తిట్టేలోపు, ‘గ్లాసు బల్ల అంచున కాకుండా మధ్యలో పెట్టుంటే ఏమయ్యేది?’ అని అడిగి చూడండి.