చేరే వేళ చూసి బస్సెక్కండి

వీపున సంచి వేసుకొని విదేశాల్లో బస్సుల మీద తిరిగే పాఠకులు, తిరగాలనుకునే పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: వియత్నాంలో ఒంటరిగా మూడు వారాలు తిరగాలనుకుంటున్నాను. రాత్రి బస్సుల్లో వెళ్తే బస ఖర్చు కలిసివస్తుందని అందరూ అంటున్నారు. బస్సు తెల్లవారుజామున నాలుగింటికి దింపేస్తే, హాస్టల్‌లో మంచం ఇచ్చే మధ్యాహ్నం దాకా నేనేం చేయాలి?

జవాబు: రాత్రి బస్సు మీద ఎంత మిగులుతుందన్నది అది ఊరు చేరే వేళను బట్టి ఉంటుంది. టికెట్ కొనేటప్పుడు చాలామంది బయలుదేరే సమయం తమకు వీలుగా ఉందా అని మాత్రమే చూసుకుంటారు. అసలు ఇబ్బంది అవతలి కొసన ఉంటుంది. హానోయి నుంచి సాపాకు వెళ్ళే దారినే చూడండి. సాపాకు దగ్గరి పట్టణమైన లావోకాయ్ వరకు ఎక్స్‌ప్రెస్‌వే 2014లో వచ్చిన తరువాత ఆ ప్రయాణం ఐదారు గంటలకు తగ్గిపోయింది కాబట్టి, రాత్రి పదింటికి బయలుదేరిన బస్సు మూడు, నాలుగు గంటలకల్లా కొండ మీది ఆ ఊళ్ళో ఆగుతుంది. అంటే నిద్ర కుదిరే వేళకు లేవవలసి వస్తుంది. కొన్ని బస్సులవారు తెల్లవారేదాకా ప్రయాణికులను బెర్తుల మీదే పడుకోనిస్తారు, మరికొందరు లైట్లు వేసి అప్పటికప్పుడే దిగమంటారు. టికెట్ కొనే ముందు ఈ సంగతి అడిగి తెలుసుకోండి. ఇలాంటి పొట్టి దూరాలకు ఉదయం బస్సే మేలని నా అభిప్రాయం. దారి పొడవునా కొండలూ కనిపిస్తాయి, ఊరు చేరేసరికి గదీ సిద్ధంగా ఉంటుంది. హానోయి నుంచి మధ్య వియత్నాంలోని హుయే వరకు పన్నెండు గంటలకు పైగా పట్టే ప్రయాణమైతే రాత్రి బస్సుకు అర్థం ఉంది.

అక్కడి స్లీపర్ బస్సుల గురించి ఒక మాట ముందే తెలిసి ఉండటం మంచిది. తలుపు దగ్గరే చెప్పులు విప్పి, వాళ్ళిచ్చే ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొని లోపలికి వెళ్ళాలి. మూడు వరుసల్లో, రెండు అంతస్తుల్లో బెర్తులు ఉంటాయి. పాదాలు పెట్టుకునే చోటు ముందువారి తల కింద పెట్టెలా ఉంటుంది కనుక, పొడవైనవారు కాళ్ళు పూర్తిగా చాపుకోలేరు. పాస్‌పోర్టు, డబ్బు, మందులు ఉన్న చిన్న సంచిని ఒంటిని అంటిపెట్టుకొనే పడుకోవాలి.

ఇక నాలుగింటి సమస్య. ముందురోజే హాస్టల్‌కు మీరు వచ్చే వేళ తెలియజేసి, రాత్రంతా రిసెప్షన్‌లో మనిషి ఉంటారా, సంచి అక్కడ పెట్టుకోనిస్తారా, స్నానానికి వీలవుతుందా అని అడగండి. చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఎవరూ ఉండరని చెబితే మాత్రం, వెలుతురు వచ్చేదాకా బస్ టెర్మినల్ లోపలే, నలుగురూ కూర్చున్న చోటే ఉండండి. ఒంటరిగా ఉన్నప్పుడు చీకట్లో మొదట పలకరించిన బండి ఎక్కేయవద్దు. వేళ కాని వేళ చేరి, ముందురాత్రికి కూడా గది అద్దె కట్టవలసి వస్తే, రాత్రి బస్సు మీద మిగిలిందనుకున్నది అక్కడే ఖర్చయిపోతుంది.

ప్రశ్న: అర్జెంటీనాలోని మెండోసా నుంచి చిలీ రాజధాని శాంటియాగోకు ఏడెనిమిది గంటలు పడుతుందని టికెట్ల సైట్లు చూపిస్తున్నాయి. శాంటియాగోలో మరో బస్సు అందుకోవడానికి రెండు గంటల వ్యవధి చాలుతుందా?

జవాబు: చాలదు. దూరం సుమారు 360 కిలోమీటర్లే, కానీ ఆ దారి ఆండీస్ పర్వతాలను దాటుతుంది. సుమారు 3,200 మీటర్ల ఎత్తున ఉన్న సొరంగం దాటాక లోస్ లిబెర్టడోరెస్ తనిఖీ కేంద్రంలో బస్సు ఆగుతుంది. అక్కడ అందరూ దిగి వరుసలో నిలబడి పాస్‌పోర్టు చూపించాలి, బస్సు కడుపులోని సంచులన్నింటినీ దించి యంత్రం గుండా పంపిస్తారు. ముందు నాలుగు బస్సులు ఉంటే మీ వంతు వచ్చేసరికి గంటలు గడిచిపోతాయి, మీరెంత సిద్ధంగా ఉన్నా ఫలితం ఉండదు. పండ్లు, విత్తనాలు, తేనె వంటివాటి విషయంలో చిలీ చాలా కఠినంగా ఉంటుంది. దారిలో తిందామని సంచిలో వేసుకున్న ఆపిల్ పండును మరచిపోయి, ఫారంలో ఏమీ లేదని రాస్తే జరిమానా పడుతుంది. ఉందని రాస్తే మహా అయితే పండు తీసేసుకుంటారు. అనుమానం ఉన్న ప్రతిదీ రాసెయ్యండి.

గడియారం కూడా ఒక చిక్కే. అక్కడి చలికాలంలో, అంటే సుమారు ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా, చిలీ సమయం అర్జెంటీనా కంటే గంట వెనుక ఉంటుంది, వేసవిలో రెండూ ఒకటే. టికెట్ మీద సాధారణంగా ఏ ఊరికి ఆ ఊరి సమయమే వేస్తారు కనుక, ప్రయాణం గంట తక్కువగా కనిపించవచ్చు. ఇక మంచు కురిసే నెలల్లో కనుమను మూసేస్తే ఎదురుచూపు గంటల లెక్కలో కాక రోజుల లెక్కలో సాగుతుంది. ఆ రాత్రి శాంటియాగోలో ఉండి, మర్నాడు బయలుదేరే టికెట్ తీసుకోండి.

ప్రశ్న: సుదీర్ఘమైన బస్సు ప్రయాణం తరువాత కాళ్ళు వాస్తున్నాయి. భయపడవలసిన విషయమా?

జవాబు: రెండు కాళ్ళూ కొద్దిగా వాచి, నడిచాక తగ్గిపోతే కంగారు పడనక్కరలేదు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చొని ప్రయాణిస్తే సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించింది. అయినా అది సుమారు ఆరువేల మందిలో ఒకరికి వచ్చే ముప్పు. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి నడవండి, దిగేముందు బస్సు నంబరును ఫోటో తీసుకోండి. ఒకే కాలు వాచి నొప్పి పెడుతుంటే, ఊపిరి అందకపోతే, ప్రయాణం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ప్రశ్న: యూరప్‌లో రాత్రి బస్సు కోసం మూడు గంటలు రోడ్డు పక్కన నిలబడ్డాం. ఎవరూ సమాధానం చెప్పలేదు. డబ్బు తిరిగి అడగవచ్చా?

జవాబు: బస్సు చివరకు వచ్చి, మీరు అందులోనే వెళ్ళి ఉన్నా పరిహారం అడగవచ్చు, అయితే కొన్ని షరతులున్నాయి. మీరు ఎక్కవలసినది సిబ్బంది ఉండే బస్ టెర్మినల్‌లోనా, మామూలు రోడ్డు పక్కన స్టాపులోనా అన్నది ముందు చూసుకోవాలి. ఐరోపా సమాఖ్యలో 2013 మార్చి 1 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం, 250 కిలోమీటర్లు, అంతకు మించి సాగే సర్వీసు టెర్మినల్ నుంచి బయలుదేరడం రెండు గంటలకు పైగా ఆలస్యమైతే, టికెట్ సొమ్ము వాపసు తీసుకుంటారా, మరో విధంగా గమ్యం చేరుస్తామంటే వెళ్తారా అని సంస్థే మిమ్మల్ని అడగాలి. అలా అడగకపోతే టికెట్ ధరలో సగం పరిహారంగా ఇవ్వాలి. ప్రయాణం మూడు గంటలకు మించినదై, టెర్మినల్ నుంచి బయలుదేరడం తొంభై నిమిషాలకు పైగా ఆలస్యమైతే, వీలున్న మేరకు తినడానికీ తాగడానికీ ఏర్పాటు చేయాలి. ఈ పరిహారం టెర్మినల్ నుంచి బయలుదేరేటప్పటి ఆలస్యానికే వర్తిస్తుంది, దారిలో ట్రాఫిక్ వల్ల ఆలస్యంగా చేరితే దీని కింద అడగలేరు. టికెట్‌ను, నిరీక్షించిన చోట సమయంతో సహా తీసిన ఫోటోను జతచేసి మూడు నెలల్లోపు సంస్థకు ఫిర్యాదు పంపండి. నెలలోపు వారు ఏదో ఒక సమాధానం ఇవ్వాలి, తుది నిర్ణయం మూడు నెలల్లోగా తెలపాలి. అదీ రాకపోతే, ఈ నిబంధనల అమలు కోసం ఆ దేశం నియమించిన అధికార సంస్థకు రాయండి.