కొత్త వై-ఫై రౌటర్ వచ్చినప్పటి నుంచి అమ్మాయికి తలనొప్పి.. రేడియేషనే కారణమా?

ప్రశ్న: పాత రౌటర్ మాటిమాటికీ ఆగిపోతోందని రెండు నెలల క్రితం తీసేసి, రెండు బ్యాండ్లున్న కొత్తది పెట్టించాం. వైరు హాల్లోకి అందక, ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా అమ్మాయి గదిలో మంచం తలవైపు గోడకు బిగించారు. అప్పటి నుంచి తనకు సాయంత్రమయ్యే సరికి తలనొప్పి వస్తోంది, రాత్రి నిద్ర పట్టడం లేదు. ఇదంతా కొత్త డబ్బా రేడియేషన్ వల్లేనని, పాతదే మళ్లీ పెట్టించమని మా అత్తమ్మ అంటున్నారు. ఆమెకు పేస్‌మేకర్ ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: మీ అత్తమ్మగారి భయాన్ని తీసిపారేయకండి. రౌటర్ మార్చడం, తలనొప్పి మొదలవడం ఒకేసారి జరిగినప్పుడు ఆ రెంటికీ సంబంధం ఉందని ఎవరికైనా అనిపిస్తుంది. సంబంధం ఉండవచ్చని నాకూ అనిపిస్తోంది కానీ, అది ఆ డబ్బా తరంగాలతో ముడిపడినది కాదని నా అభిప్రాయం.

రౌటర్ 2.4, 5 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలను పంపుతుంది. ఎక్స్‌రేల మాదిరిగా కణాల్లోని డీఎన్‌ఏను దెబ్బతీసే శక్తి వీటికి లేదు. మోతాదు బాగా ఎక్కువైతే ఇవి శరీర భాగాలను వేడెక్కిస్తాయి గానీ, ఇంట్లో రౌటర్ ప్రసార శక్తి సాధారణంగా 0.1 వాట్‌కు కాస్త అటూ ఇటుగానే ఉంటుంది. పైగా అడుగు దూరంలో తలకు చేరేదానితో పోలిస్తే ఎనిమిది అడుగుల దూరంలో చేరేది సుమారు 64వ వంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో రేడియో తరంగాలను 2బి వర్గంలో, అంటే క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చని భావించే వాటి జాబితాలో, చేర్చిన మాట నిజం. అయితే ఆ నిర్ణయానికి ప్రధాన ఆధారం సెల్‌ఫోన్లను చెవికి ఆనించి ఎక్కువగా వాడినవారిపై జరిగిన పరిశీలనలు, అవి కూడా పరిమితమైనవే. తరంగాల వల్ల తలనొప్పి వస్తోందని చెప్పేవారి బాధ నిజమైనదేనని, కానీ పరికరం ఆన్‌లో ఉందో లేదో తెలియకుండా చేసిన పరీక్షల్లో వారు తేడాను గుర్తించలేకపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే తెలిపింది. పాత రౌటర్ కూడా ఇలాంటి తరంగాలనే పంపేది కాబట్టి, దాన్ని తిరిగి పెట్టించడం వల్ల ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదు.

మరి మారిందేమిటి? పాతది ఆగిపోయినప్పుడల్లా ఫోను పక్కన పెట్టక తప్పేది కాదు. ఇప్పుడు తలుపు వేసుకున్న గదిలో, అన్నిటికన్నా బాగా సిగ్నల్ అందే చోట, అర్ధరాత్రి దాటినా వీడియో ఆగదు. పక్కకు తిరిగి పడుకుని, మెడ వంచి, చీకట్లో తెరను ముఖానికి జానెడు దూరంలో పెట్టుకుని గంటల తరబడి చూస్తే కళ్లు, మెడ కండరాలు అలసిపోతాయి, ఆ వెలుతురుకు నిద్ర వెనక్కి పోతుంది. ఈ వయసు పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. అది తగ్గితే మర్నాడు తలనొప్పి రావడం సహజం. చదువుకోసమే చూస్తున్నా ఫలితం ఇదే కాబట్టి అమ్మాయిని కోప్పడవద్దు.

దీన్ని మీరే పరీక్షించి చూసుకోవచ్చు. రౌటర్‌ను ఉన్నచోటే, ఆన్‌లోనే ఉంచండి. రెండు వారాల పాటు రాత్రి పది గంటలకు ఇంట్లో అందరి ఫోన్లూ, మీవి కూడా, హాల్లో ఛార్జింగ్‌కు పెట్టండి. తలనొప్పి వచ్చిన రోజును, పడుకున్న వేళను క్యాలెండర్ మీద రాసుకోమని అమ్మాయికి చెప్పండి. రౌటర్ తలవైపే ఉన్నా తలనొప్పి తగ్గిందంటే, మీ అత్తమ్మగారికి చూపించడానికి అంతకన్నా మంచి ఆధారం ఉండదు. ఆ తరువాత కేబుల్ ఆపరేటర్‌తో వైరు పొడిగించి రౌటర్‌ను హాల్లోకి మార్పించండి. చీకటి గదిలో మిణుకుమిణుకుమనే దాని లైట్లు కూడా నిద్రకు ఇబ్బందే.

ఈలోగా ఒకసారి కంటి పరీక్ష, బీపీ, హిమోగ్లోబిన్ చూపించండి. మన ప్రాంతంలో ఆడపిల్లల్లో రక్తహీనత చాలా మామూలుగా కనిపిస్తుంది. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే చికిత్స అవసరం. మెడికల్ షాపులో కొన్న నొప్పి మాత్రలను నెలలో 15 రోజులు, అంతకు మించి వాడుతూ పోతే ఆ మాత్రలే తలనొప్పికి కారణమవుతాయి. తెల్లవారుజామున తలనొప్పితో పాటు వాంతులు, చూపు రెండుగా కనిపించడం, కాలుచేతుల్లో బలహీనత, ఫిట్స్, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం వంటివి ఉంటే ఈ రెండు వారాలూ ఆగకుండా వెంటనే నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఇక అత్తమ్మగారి సంగతి. పేస్‌మేకర్‌కు, రౌటర్‌కు మధ్య కనీసం 15 సెంటీమీటర్లు, అంటే ఆరంగుళాల ఎడం ఉంటే చాలు. గోడకున్న రౌటర్ గురించి ఆమె భయపడనక్కరలేదు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది ఆమె ఫోను. చాలామంది పెద్దవాళ్ల మాదిరిగా దాన్ని రవికలో దోపుకునే అలవాటు ఉంటే వెంటనే మాన్పించండి. పేస్‌మేకర్ సాధారణంగా కాలర్ ఎముక కింద, చర్మం లోపలే ఉంటుంది కాబట్టి ఫోను దానికి మరీ దగ్గరవుతుంది. ఫోనును చేతి సంచిలో పెట్టుకోమనండి, పేస్‌మేకర్ ఎడమ వైపు ఉంటే కుడి చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడమనండి.