పాఠకుల ప్రశ్నలు: గదిలో హోరెత్తే మంద్రధ్వని

ప్రశ్న: మా భజన బృందం సాధనకూ, పాటలు రికార్డు చేసుకోవడానికీ మేడ మీద 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తుతో ఒక గది కట్టించాము. నేల గ్రానైటు, పైన శ్లాబు. డగ్గా మోగినా, కీబోర్డులో మంద్రస్వరాలు పట్టినా గదంతా హోరెత్తిపోతోంది. కోడిగుడ్ల అట్టలూ, అంగుళం మందం ఫోమూ గోడల నిండా అంటించాక పాడేవారి గొంతులో జీవం పోయిందే తప్ప హోరు తగ్గలేదు. మా పాత పెంకుటింట్లో ఈ బాధ ఎన్నడూ లేదు. ఏ వస్తువు వాడమంటారు?
— ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: మీ ప్రశ్నలోని పెంకుటిల్లే అసలు సంగతి చెబుతోంది. అక్కడ మంద్రధ్వని కొంత పెంకుల సందుల్లోంచి బయటికి పోయేది, కొంత కప్పునూ తలుపులనూ కంపింపజేసి ఖర్చయిపోయేది. శ్లాబు, సిమెంటు పూసిన ఇటుక గోడ, మీ ఊరి గ్రానైటు ఏమాత్రం కదలవు గనుక వచ్చిన ధ్వనిని దాదాపు వచ్చినట్టే వెనక్కి పంపుతాయి.

ఫోమ్ వంటి వస్తువుల సన్నని రంధ్రాల్లో గాలి అటూ ఇటూ కదిలి, ఆ రాపిడిలో ధ్వనిశక్తి వేడిగా మారుతుంది. అయితే గోడను ఆనుకొని ఉన్న గాలికి కదిలే వీలుండదు. ఆ కదలిక గోడ నుంచి తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు దూరాన గరిష్ఠంగా ఉంటుంది. 100 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం సుమారు 3.4 మీటర్లు కాబట్టి ఆ దూరం 85 సెంటీమీటర్లు. గోడకు అంటించిన రెండున్నర సెంటీమీటర్ల ఫోమ్‌కు అది అందదు. అందువల్ల అది పైస్వరాలను మాత్రమే తినేసి, మంద్రాన్ని ముట్టకుండా వదిలేసింది. ఈ విషయంలో వస్తువు పేరు కంటే దాని మందమూ, దాన్ని ఉంచే చోటూ ముఖ్యం.

మీ గది పొడవు వల్ల సుమారు 47 హెర్ట్జ్ దగ్గర, వెడల్పు వల్ల సుమారు 57 హెర్ట్జ్ దగ్గర అనునాదం (ఆ స్వరం ఎదురెదురు గోడల మధ్య తిరిగి తిరిగి బలపడడం) ఏర్పడుతుంది. వెడల్పూ ఎత్తూ ఒకటే కావడంతో 57 దగ్గర రెండు అనునాదాలు ఒకదానిపై ఒకటి పడి హోరు మరింత పెరుగుతుంది. కట్టకముందే అడిగి ఉంటే ఎత్తును ఒక అడుగు మార్చమని చెప్పేవాణ్ణి.

ఇప్పుడు చేయగలిగినది మూలలతో మొదలుపెట్టడం. అన్ని అనునాదాలకూ మూలల్లో పీడనం గరిష్ఠం కాబట్టి, అక్కడ పెట్టిన మందపాటి వస్తువు అన్నిటి మీదా పనిచేస్తుంది. ఘనపు మీటరుకు 48 కిలోల రాక్‌వూల్ (రాతి ఉన్ని) లేదా గ్లాస్‌వూల్ (గాజు ఉన్ని) పలకలను త్రికోణాలుగా కోసి, నేల నుంచి శ్లాబు దాకా ఒకదానిపై ఒకటి పేర్చండి. త్రికోణం ఒక్కో పక్క రెండడుగులుంటే మంచిది. బరువైన రకం కొంటే ఎక్కువ ఫలితం ఉంటుందని దుకాణాల్లో చెబుతారు గానీ, ఇంత మందంలో బరువు పెరిగితే ధ్వని లోపలికి చొరబడడమే కష్టమవుతుంది. నూగు ఎగరకుండా పల్చని పాలిథీన్ చుట్టి, దానిపై నూలు గుడ్డ బిగించండి. పాలిథీన్ పైస్వరాలను కొంత తిప్పి పంపుతుంది గనుక, పాత ఫోమ్‌ను చాలావరకు పీకేస్తే గొంతులో పోయిన జీవమూ కొంత తిరిగి వస్తుంది. కోసేటప్పుడు చేతి తొడుగులూ, ముక్కుకు మాస్కూ తప్పనిసరి.

ఆ తరువాత కూడా 57 దగ్గర హోరు మిగిలితే, ముందు పలక కంపించి ఆ ధ్వనిని మింగేలా గోడకు ఒక ప్లైవుడ్ పెట్టె కట్టించండి. పలక బరువును చదరపు మీటరుకు కిలోల్లోనూ, వెనుక గాలి లోతును మీటర్లలోనూ తీసుకొని, రెండిటినీ గుణించి వర్గమూలం తీసి, 60ని దానితో భాగిస్తే పెట్టె ఏ స్వరాన్ని పట్టుకుంటుందో సుమారుగా తెలుస్తుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చదరపు మీటరుకు 7.2 కిలోలనుకుంటే, వెనుక 15 సెంటీమీటర్ల ఖాళీతో 58 వస్తుంది. అంచుల్లో గాలి పోకుండా మూయాలి. లోపల పెట్టే ఉన్ని పలకకు తగలకూడదు. ఇది ఆ ఒక్క స్వరం చుట్టుపక్కలే పనిచేస్తుంది కనుక, ముందు ఒకటి చేయించి, ఫోనులో 50 నుంచి 65 హెర్ట్జ్ దాకా ధ్వనిని స్పీకరుకిచ్చి విని, తరువాతే మిగిలినవి చేయించండి.

ప్రశ్న: కొబ్బరిపీచు పరుపులు, పత్తి పరుపులు, థర్మోకోల్ ఇందుకు పనికిరావా?
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: థర్మోకోల్ రంధ్రాలు మూసుకొని ఉంటాయి, గాలి దూరదు కాబట్టి దాన్ని వదిలేయండి. పీచు పరుపు మరీ వదులు. చాలా మందం ఉంటే తప్ప ఫలితం కనబడదు. పత్తి నిజంగానే బాగా పనిచేస్తుంది, కానీ మీ సముద్రపు గాలి తేమకు బూజు పడుతుంది, ఎలుకలు చేరతాయి, నిప్పు తగిలితే అంటుకుంటుంది. పరీక్షకు మాత్రం దానికి మించినది లేదు: ఇంట్లో ఉన్న పాత పత్తి పరుపులను గట్టిగా చుట్టి నాలుగు మూలల్లో నిలబెట్టి ఒక పూట డగ్గా వాయించి చూడండి. తేడా వినబడితేనే రాక్‌వూల్‌కు డబ్బు పెట్టండి. పక్కింటివారికి శబ్దం వెళ్లకూడదన్నది మీ ఉద్దేశమైతే వీటిలో ఏదీ అందుకు సరిపోదు. దానికి బరువైన గోడలూ, సందు లేని తలుపులూ కావాలి.