గాయపడిన మెదడును పరిశోధించబోతున్న మేనకోడలికి

చిరంజీవి లలితకు ఆశీస్సులు.

మెదడుకు దెబ్బ తగిలిన తరువాత, నాడీకణాలకు అండగా ఉండే ఆస్ట్రోసైట్ల విభజన ఎందుకు దారి తప్పుతుందన్న అంశంపై పీహెచ్‌డీలో చేరుతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి, మన ఇంట్లో మరొకరు మైక్రోస్కోపు ముందు కూర్చుంటున్నారన్న గర్వమూ, ఆ కణాలు ఎంతటివారినైనా మోసగించగలవన్న భయమూ నన్ను నిలవనీయడం లేదు. ఎలుకలపై ప్రయోగాలకు అనుమతులు, కంట్రోళ్లు, స్లైడ్లకు కోడ్ నంబర్లు నీకు తెలిసినవే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక యువకుడి మెదడు బయాప్సీ వేరే ఆసుపత్రి నుంచి రెండో అభిప్రాయం కోసం మా దగ్గరికి వచ్చింది. అక్కడ దానిని ఆస్ట్రోసైటోమాగా, అంటే ఆస్ట్రోసైట్ల తరహా కణితిగా, నిర్ణయించి రేడియేషన్ కూడా మొదలుపెట్టారు. స్లైడులో గులాబీ రంగు సైటోప్లాజంతో ఉబ్బిన ఆస్ట్రోసైట్లు ఉన్నాయి. కొన్నింటిలో కేంద్రకం ఉండవలసిన చోట చెదిరిన ఆవగింజల్లా క్రోమాటిన్ (డీఎన్‌ఏ, ప్రొటీన్ల ముద్ద) ముక్కలు కనిపించాయి. అది చూస్తే ఎవరికైనా కణితే గుర్తుకు వస్తుంది. మా ప్రొఫెసర్ గారు మాత్రం ఆ కణాన్ని వదిలి దాని చుట్టుపక్కల చూడమన్నారు. శిథిలాలను మింగి నురుగులా కనిపించే మాక్రోఫేజ్ కణాలు కిక్కిరిసి ఉన్నాయి. లక్సాల్ ఫాస్ట్ బ్లూ రంగు వేయిస్తే నాడీ తంతువుల పైతొడుగైన మైలిన్ లేదని, మరో రంగుతో చూస్తే ఆక్సాన్లు, అంటే ఆ తంతువులు, చాలావరకు నిలిచే ఉన్నాయని తేలింది. అది మైలిన్ నశించే వ్యాధి; ఆ ముక్కల కేంద్రకాల ఆస్ట్రోసైట్లను క్రూట్జ్‌ఫెల్ట్ కణాలంటారు. అటువంటి వ్యాధికి రేడియేషన్ మేలు చేయకపోగా హాని చేయగలదు. రిపోర్టు కోసం మా గది బయట చేతులు కట్టుకుని నిలబడిన ఆ అబ్బాయి తండ్రి ముఖం నేను మరువలేదు.

అందుకే గట్టిగా చెబుతున్నాను: కొత్త డీఎన్‌ఏలో చేరిపోయే గుర్తు పదార్థమైన బ్రోమోడీఆక్సీయూరిడిన్ పట్టిన కేంద్రకం కనిపించగానే కణం రెండయిందని రాయవద్దు. కొత్తగా డీఎన్‌ఏ తయారైందనడానికే అది సాక్ష్యం. కేంద్రకం చీలినా సైటోప్లాజం తెగకపోతే ఒకే కణంలో రెండు కేంద్రకాలు మిగులుతాయి. మైటోసిస్‌లోకే, అంటే కేంద్రక విభజనలోకే, వెళ్లకపోతే రెట్టింపు డీఎన్‌ఏతో ఒకటే పెద్ద కేంద్రకం మిగులుతుంది. పైగా ఆస్ట్రోసైట్లలోని జీఎఫ్‌ఏపీ అనే ప్రొటీన్‌కు వేసే రంగు దాని తంతువులనే చూపుతుంది తప్ప కణం హద్దులను చూపదు కనుక, ఒకదానిపై ఒకటి పడిన రెండు పొరుగు కణాలు ఒకటిగా భ్రమింపజేస్తాయి. పొరలు పొరలుగా చూపే కాన్‌ఫోకల్ మైక్రోస్కోపులో కోత మందమంతా చూడు. బతికి ఉన్న ఎలుకల మెదడులో ఆస్ట్రోసైట్లను రోజుల తరబడి గమనించిన మ్యూనిక్ బృందం, గాయం తరువాత విభజించేవి కొద్దివేననీ, అవీ ఎక్కువగా రక్తనాళాలను ఆనుకున్నవేననీ 2013లో చూపింది. నాళాల గోడల కేంద్రకాలు కూడా అక్కడే అతుక్కుని ఉంటాయి, తల్లీ, పొరబడే చోటు అదే.

చీకటి గదిలో పని చేస్తూ భోజనం మానేస్తే మాత్రం ఊరుకోను. రెండు కేంద్రకాల కణం మొదటిసారి కనిపించిన రోజున దాని లోతు చిత్రాలన్నీ, పొరుగు కణాలు కూడా పడేలా తీసి, నాకు పంపు.

నీ మామయ్య