కర్జన్ స్ట్రీట్ స్తంభాలు ఏడవడం లేదు

తమ్ముడూ,

బర్మింగ్‌హామ్ నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. స్తంభం మీద చెయ్యి పెడితే వేళ్ళకి మసి అంటిందన్న వాక్యం బాగుంది. కానీ "1854లో ప్రయాణికులు వదిలేసిన నాటి నుంచి అనాథలా రోదిస్తున్న కర్జన్ స్ట్రీట్ స్టేషన్" అన్నావు చూడు, అక్కడ ఒళ్ళు మండింది నాకు.

అనాథ ఏమిటయ్యా? అదే ఊళ్ళో న్యూ స్ట్రీట్ స్టేషన్ తెరిచాక రోజువారీ ప్యాసింజర్ రైళ్ళు అటు మళ్ళాయి, నిజమే. గూడ్సు మాత్రం 1966 దాకా ఇక్కడే నడిచింది. లెక్కేసుకో: 1838 నుంచి ప్రయాణికులకు 16 ఏళ్ళు, ఆ తర్వాత సరుకులకు 112 ఏళ్ళు. అన్నేళ్ళ మూటలూ గుమాస్తాలూ మూటలు మోసినవాళ్ళూ నీ వ్యాసంలో ఒక్కరూ లేరు. కట్టడం గురించి రాసేవాడు ముందు అది ఏం పని చేసిందో రాయాలి, విశేషణాల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నువ్వు దానికి అంటగట్టిన "ఒంటరితనం" కూడా అంతే. వాస్తుశిల్పి ఫిలిప్ హార్డ్‌విక్ గీసినప్పుడు పక్కన కమానులున్నాయి, వెనక రైలు షెడ్లున్నాయి, అవన్నీ కూల్చేస్తే మిగిలిన మూడంతస్తుల ముక్క నువ్వు చూసింది. లండన్-బర్మింగ్‌హామ్ రైలు లైనుకి ఆ చివర లండన్ యూస్టన్ స్టేషన్‌లో ఆయనదే, సాదా తలల స్తంభాలున్న డోరిక్ కమాను, ఈ చివర తలల దగ్గర చుట్టలు తిరిగిన నాలుగు అయోనిక్ స్తంభాలు. రైలంటేనే కొత్త ఆ రోజుల్లో, ఎక్కేవాళ్ళకీ డబ్బు పెట్టినవాళ్ళకీ ధైర్యం చెప్పడానికే గుడి ముఖం లాంటిది పెట్టారని నా నమ్మకం. యూస్టన్ కమానుని 1961-62లో కూలగొట్టారు. జంటలో మిగిలింది ఇదొక్కటే, ఆ మాటే నువ్వు రాయలేదు!

వయసులో ఉన్నప్పుడు రాజమండ్రి హేవ్‌లాక్ వంతెన మీద రాసి ఒక వారపత్రికకి పంపాను. 56 స్పాన్లు, రాతి స్తంభాలు, గోదాట్లో పునాదులు దించిన తీరు, అన్నీ కొట్టేసి సూర్యాస్తమయం మాత్రం ఉంచి అచ్చేశారు. "పాఠకుడికి లెక్కలెందుకండీ" అన్నాడా సంపాదకుడు. ఆ పాఠకుడు ఆ వంతెన మీదుగానే కదయ్యా అత్తారింటికి వెళ్ళొచ్చింది! ఆ కోపం ఇంకా చల్లారలేదు. ఇప్పుడేమో పాతగోడ కనిపిస్తే చాలు, ఓ ఫోటో, రెండు నిట్టూర్పులు, దానికి నాస్టాల్జియా అని పేరు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు, అది తర్వాత. పక్కనే హెచ్‌ఎస్2 అనే హైస్పీడ్ రైలు లైను కొత్త స్టేషన్ కోసం తవ్వితే 1837 నాటి రౌండ్‌హౌస్, అంటే ఇంజన్లు నిలిపే గుండ్రటి షెడ్డు, పునాదులు బయటపడ్డాయి. అక్కణ్ణించి మొదలుపెట్టు. టర్న్‌టేబుల్ అనే తిరిగే పట్టాల బల్ల మీద ఇంజన్ని ఎలా తిప్పేవాళ్ళో కనుక్కుని, సంక్రాంతిలోపు రాసి పంపు.